డీఎన్‌పీ తర్వాత పీహెచ్‌డీ: ఆన్‌లైన్ మేలా, క్యాంపస్ మేలా?

"అక్కా, డీఎన్‌పీ అయిపోయింది. పీహెచ్‌డీ ఆన్‌లైన్‌లో చేస్తే విలువ ఉంటుందా? ఎన్ని క్రెడిట్లు తగ్గిస్తారు?" డాలస్ చుట్టుపక్కల మన నర్సులు గుడిలో కలిసినా, పెళ్ళిలో కలిసినా ఈ మధ్య నన్ను అడిగేది ఇదే. డీఎన్‌పీ అంటే నర్సింగ్ ప్రాక్టీసులో డాక్టరేట్. రెండేళ్ళ కిందట నేనూ ఇదే ప్రశ్నతో తిరిగాను. చివరికి క్లినిక్‌లో ఎన్‌పీ (నర్స్ ప్రాక్టీషనర్, అంటే పేషెంట్లను చూసి మందులు రాసే నర్సు) ఉద్యోగం వదలకుండా ఆన్‌లైన్ పీహెచ్‌డీలో చేరాను. ఇప్పుడు రెండో ఏడాది నడుస్తోంది.

నా డీఎన్‌పీ ప్రాజెక్టు షుగర్ పేషెంట్ల పాదాల పరీక్ష మీద. వాళ్ళ రికార్డు తెరవగానే కనిపించేలా ఒక రిమైండర్ పెట్టాం. మూడు నెలల్లో పరీక్షలు బాగా పెరిగాయి, క్లినిక్‌లో అందరూ సంతోషించారు. పీహెచ్‌డీ మొదటి సెమిస్టర్‌లో ఈ సంగతి చెబితే ప్రొఫెసర్ అడిగారు: "పెరిగింది రిమైండర్ వల్లేనని ఎలా చెప్పగలవు? ఆ మూడు నెలల్లో ఇంకేమీ మారలేదా?" మారింది. ఒక కొత్త నర్సు చేరింది, చాలా చురుకైన అమ్మాయి. రిమైండర్ పనిచేసిందో, ఆ అమ్మాయి పనిచేసిందో తేల్చడానికి నా దగ్గర ఏ లెక్కా లేదు. డీఎన్‌పీలో అది తప్పు కాదు. ఉన్న ఆధారాన్ని పేషెంటు దాకా తీసుకెళ్ళడమే దాని పని, అదేమీ చిన్న పని కాదు. ఆ ఆధారాన్ని తయారుచేయడం పీహెచ్‌డీ పని. అలాంటి ప్రశ్న మీ మనసులో తిరగకపోతే ఉన్న డాక్టరేట్‌తో ఆగిపోవచ్చు. అడ్వాన్స్‌డ్ ప్రాక్టీసుకు (ఎన్‌పీ లాంటి ఉద్యోగాలకు) డీఎన్‌పీయే ఉండాలని ఇక్కడి నర్సింగ్ కాలేజీల సంఘం 2004లోనే తీర్మానించింది. క్లినికల్ ట్రాక్‌లో, అంటే పేషెంట్ల సేవ నేర్పే అధ్యాపక ఉద్యోగాల్లో, పాఠాలు చెప్పడానికీ అది చాలు.

ఇక విలువ సంగతి. సౌత్ కరోలైనా మెడికల్ యూనివర్సిటీ, లాస్ వేగస్‌లోని నెవాడా యూనివర్సిటీ లాంటి ప్రభుత్వ సంస్థలే నర్సింగ్ పీహెచ్‌డీని ఆన్‌లైన్‌లో నడుపుతున్నాయి. ఆ భయం పక్కన పెట్టండి. క్రెడిట్లంటారా, డీఎన్‌పీ ఉన్నవాళ్ళకు చాలాచోట్ల కొన్ని తగ్గిస్తారు. కానీ స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ తగ్గిస్తామని ఎవరైనా అంటే సంతోషించకండి. మనకు తక్కువైంది అవే.

డబ్బు దగ్గర క్యాంపస్‌దే పైచేయి. ఫుల్‌టైం చేరితే చాలా యూనివర్సిటీలు ట్యూషన్ ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ కూడా ఇస్తాయి. ఎన్ఐహెచ్ (ఆరోగ్య పరిశోధనకు డబ్బిచ్చే ఇక్కడి ప్రభుత్వ సంస్థ) ఇచ్చే ఎఫ్31 ఫెలోషిప్ కూడా ఫుల్‌టైం వాళ్ళకే. కానీ ఎన్‌పీ జీతం వదులుకుని ఆ స్టైపెండ్‌తో ఇంటి ఈఎంఐ, పిల్లల ఖర్చులు లాక్కురావడం అందరి వల్లా కాదు. ఆన్‌లైన్‌లో జీతం ఆగదు, ఫీజు మాత్రం మన జేబులోంచే పోతుంది. పైగా 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకు గ్రాడ్ ప్లస్ లోన్ (పై చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పు) లేదు. నర్స్ ఫ్యాకల్టీ లోన్ ప్రోగ్రాం (నర్సింగ్ టీచర్లు కావాలనుకునేవాళ్ళకు ఇచ్చే అప్పు) ఉన్న కాలేజీ అయితే తప్పక అడగండి. చదువయ్యాక నాలుగేళ్ళు ఫుల్‌టైం ఫ్యాకల్టీగా పనిచేస్తే అప్పులో 85 శాతం వరకు మాఫీ అవుతుంది. దీనికీ, ఎఫ్31కీ గ్రీన్ కార్డో పౌరసత్వమో ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్న మన పిల్లలు ఇక్కడే టెన్షన్ పడతారు. వాళ్ళకు ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో చదవడం ఒక దారి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద పూర్తి ఆన్‌లైన్ కోర్సు కుదరదు.

ఇండియా వెళ్ళి పాఠాలు చెప్పాలనుకునేవాళ్ళకు మాత్రం ఆన్‌లైన్ వద్దనే చెబుతాను. మన యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీని ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఒప్పుకోవు. ఇక ఈడీడీ (విద్యాబోధనలో డాక్టరేట్) సంగతి, కేవలం బోధన మీదే ఆసక్తి ఉన్నవాళ్ళు చూసుకోవచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, గైడ్ ఒక్కరే ఒక ఎత్తు. క్యాంపస్‌లో అయితే గైడ్ పట్టించుకోకపోయినా పక్క గదిలో సీనియర్ ఉంటారు, వరండాలో ఇంకో ప్రొఫెసర్ ఎదురవుతారు. ఆన్‌లైన్‌లో మనకు ఉన్నది ఆ ఒక్క మనిషే. నాకు మంగళవారం రాత్రి ఎనిమిదికి జూమ్‌లో గంటసేపు మీటింగ్. నేను పంపిన నాలుగు పేజీలు ఎర్రగా దిద్ది స్క్రీన్ మీద పెడతారు. మొన్న ఒక్క వాక్యం దగ్గరే ఇరవై నిమిషాలు ఆగాం. 'పేషెంట్లు నిర్లక్ష్యం చేస్తారు' అని రాశాను. "నిర్లక్ష్యమని నీకెవరు చెప్పారు?" అన్నారు. ఆ గంట లేకపోతే నా చదువు వీడియోలు చూడటం దగ్గరే ఆగిపోయేది.

అందుకే యూనివర్సిటీ పేరు కన్నా ముందు మనిషిని వెతకండి. ఈ రెండు మూడేళ్ళలో ఆయనో ఆవిడో ఏం ప్రచురించారు, చేతిలో ఎంతమంది విద్యార్థులున్నారు, వాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారు, ఇవి అడగడానికి మొహమాటపడకండి. ఒకచోట నేను గైడ్ ఎవరని అడిగితే "చేరాక కేటాయిస్తాం" అన్నారు, ఫీజు కట్టమని మాత్రం రోజుకు రెండుసార్లు ఫోన్ చేశారు. వదిలేశాను. అలాంటి ఆన్‌లైన్ కన్నా, కష్టమైనా క్యాంపస్ నయం. గైడ్ దొరికితే మాత్రం, ఉద్యోగం, సంసారం ఉన్న మనలాంటి వాళ్ళకు ఆన్‌లైనే మేలని నా అభిప్రాయం.

నేను పదకొండు మంది ప్రొఫెసర్లకు మెయిల్ రాశాను. నలుగురు జవాబిచ్చారు. వాళ్ళలో ఒకావిడ నా మార్కులూ అడగలేదు, అనుభవమూ అడగలేదు. "మీ క్లినిక్‌లో చెప్పులు విప్పి పాదం చూపించడానికి ఎక్కువ వెనకాడేది ఆడవాళ్ళా, మగవాళ్ళా?" అని రాశారు. మర్నాటి నుంచి నేను గమనించడం మొదలుపెట్టాను, ఆ వారమే ఆ యూనివర్సిటీకి అప్లై చేశాను.