పోర్క్ చాప్స్‌కి మూడు పొరల స్టీలు పాన్: ఆరేళ్ల వాడకం తర్వాత

పోర్క్ చాప్స్ (పంది మాంసం మందపాటి ముక్కలు) వేయించి అదే పాన్‌లో సాస్ చేసుకునేవాళ్లకి ఇంతకంటే మంచి పాత్ర లేదని నా గట్టి అభిప్రాయం. నాది 28 సెంటీమీటర్లది, రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం. అంగుళం మందం ముక్కలు రెండు హాయిగా పడతాయి. మూడోది, నాలుగోది ఇరికిస్తే వేడి పడిపోతుంది, నీరు ఊరుతుంది, మాంసం వేగడం మాని ఉడుకుతుంది.

స్టీలుకి మాంసం అంటుకుంటుందన్నది అందరి ఫిర్యాదు. చాలాసార్లు తప్పు పాన్‌ది కాదు, వేడిది. ఖాళీ పాన్‌ని మధ్యస్థ మంట మీద మూడు నాలుగు నిమిషాలు కాచి నీటిచుక్క వేయండి. అక్కడికక్కడే చుయ్యిమని ఇగిరిపోతే ఇంకా కాలలేదు. ముత్యంలా దొర్లితే నూనె పోయొచ్చు, ఒక టేబుల్ స్పూను చాలు. ముక్క పైన తడి అస్సలు ఉండకూడదు. ఉప్పు ముప్పావు గంట ముందే పట్టించాలి. పది నిమిషాల ముందు రాస్తే పైకి ఊరిన నీరు మళ్లీ లోపలికి ఇంకే వ్యవధి ఉండదు. అంచు కొవ్వుకి రెండు మూడు గాట్లు పెడితే ముక్క ముడుచుకోదు.

వేశాక కదపకండి. మూడు నాలుగు నిమిషాలకు ఎర్రగా వేగి దానంతటదే వదులుతుంది. రెండో వైపూ అంతే. కొవ్వు అంచుని నిలబెట్టి ఇంకో నిమిషం. ముక్క మధ్యలో గుచ్చిన థర్మామీటర్ 60 డిగ్రీల సెల్సియస్ చూపగానే పళ్లెంలోకి తీసేస్తే, లోపలి వేడికే 63కి చేరుతుంది. ఐదు నిమిషాలయ్యాక మళ్లీ గుచ్చి చూడండి. చేరకపోతే కాసేపు పాన్‌లో పెట్టండి.

అసలు సొగసు సాస్‌లో ఉంది. అడుగున అంటిన ఆ గోధుమరంగు పొరే రుచంతా. నాన్‌స్టిక్‌లో అది సరిగా పట్టదు. ఇనుప పెనంలో పడుతుంది గానీ, పులుపు మరిగిస్తే పెనానికి పట్టిన నూనె పూత దెబ్బతిని సాస్‌కి ఇనుము వాసన వస్తుంది. పొర నల్లగా మాడితే మాత్రం సాస్ మానుకోవాలి, ఆ చేదు ఎందులోనూ దాగదు.

చెంచాడు కొవ్వు ఉంచి మిగతాది వంపేసి, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయని సన్నమంట మీద నిమిషం వేయించండి. అరకప్పు చికెన్ స్టాక్ (కోడి ఎముకలు మరిగించి వడకట్టిన నీరు) పోసి చెక్క గరిటెతో అడుగు గీకుతూ సగానికి మరిగించండి. స్టాక్ ఉప్పులేనిదై ఉండాలి. సగానికి ఇగిరేసరికి ఉప్పదనం రెట్టింపవుతుంది. పళ్లెంలో ఊరిన రసం కూడా పోసేసి, మంట ఆర్పాక 20 గ్రాముల చల్లటి వెన్న, చెంచాడు నిమ్మరసం వేసి తిప్పండి. మళ్లీ మరిగిస్తే విరిగి నెయ్యి పైకి తేలుతుంది. అప్పుడు రెండు చెంచాల నీళ్లు పోసి గిలక్కొడితే చాలావరకు కలుస్తుంది.

ఇక లోపాలు. బరువెక్కువ, పిడి కాలుతుంది. అతివేడికి వచ్చే ఇంద్రధనుస్సు మరకలు వెనిగర్‌తో తుడిస్తే పోతాయి. కాలుతున్న పాన్‌ని చన్నీళ్ల కింద పెడితే అడుగు వంగిపోవచ్చు. వంగితే నూనెంతా ఒక పక్కకి చేరి ముక్క సమంగా వేగదు.