పదవీ విరమణ వయసు పెంచాలా, పింఛను చందా పెంచాలా?

వృద్ధులు పెరిగి, పనిచేసేవారు తగ్గుతున్న దేశంలో పింఛను నిధిని నిలబెట్టడానికి ప్రభుత్వాల ముందు తరచూ ఈ రెండు దారులే నిలుస్తాయి.

ఖర్చు: వయసు పెంచితే చెల్లింపులు ఆలస్యంగా మొదలవడమే కాక, చందా కట్టే సంవత్సరాలూ పెరుగుతాయి కనుక నిధికి రెండు వైపులా లాభం. చందా పెంచితే రాబడి త్వరగా వస్తుంది గాని, భారమంతా సంఖ్యలో తగ్గిన యువతరం జీతాల మీద, యజమానుల మీద పడుతుంది.

అమలు: రెండింటికీ ఓపిక కావాలి. జర్మనీ 65 నుంచి 67 ఏళ్లకు చేరడానికి 2012 నుంచి 2031 వరకు గడువు పెట్టుకుంది. జపాన్ 2004 సంస్కరణతో ఉద్యోగుల పింఛను చందాను ఏటా కొద్దికొద్దిగా పెంచి, 2017లో 18.3 శాతం వద్ద ఆపింది; అందులో సగం యజమానిదే.

ముప్పు: 2023లో ఫ్రాన్స్ విరమణ వయసును 62 నుంచి 64కు పెంచే చట్టం తెచ్చినప్పుడు లక్షలాది మంది వీధుల్లోకి వచ్చారు. ఆ కోపం కన్నా బలమైన అభ్యంతరం వేరొకటి ఉంది: కార్యాలయ ఉద్యోగి మరో రెండేళ్లు నెట్టుకురాగలడు గాని, బరువులు మోసే కార్మికుడు మధ్యలోనే పని మానేస్తే అతని ఖర్చు నిరుద్యోగ, వైకల్య భృతుల ఖాతాలోకి మారుతుందే తప్ప మాయం కాదు. చందా పెంపులో ఇంత అలజడి ఉండదు. కొత్త నియామకాలు మాత్రం మెల్లగా మందగించవచ్చు.

ఆయుర్దాయంతో పాటు ఆరోగ్యమూ మెరుగుపడి, పెద్దవయసు వారికి ఉద్యోగాలు దొరికే దేశానికి వయసు పెంపు నప్పుతుంది. శారీరక శ్రమ మీద బతికేవారు ఎక్కువై, చందా రేటు ఇంకా తక్కువగా ఉన్నచోట రెండో దారే మేలు.