బొంత మీద పేరుగుడ్డ: ఉతుకులకి ఆగే రంగు ఏది?

పాత నేతచీరలతో కుట్టిన పసిబిడ్డ బొంతకి ఓ మూలన బిడ్డ పేరు, పుట్టిన తేదీ, చిన్న బొమ్మ ఉన్న గుడ్డముక్క కుడితే ఎంతో ముచ్చటగా ఉంటుంది. కానీ పసిబిడ్డ బొంత రోజూ తడుస్తుంది, రోజూ ఉతుకు పడుతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులోనో ఒంగోలులోనో స్టేషనరీ కొట్టులో అడిగితే ఫ్యాబ్రిక్ రంగులు, పర్మనెంట్ మార్కరు, మైనపు క్రేయాన్లు చూపిస్తారు. ఈ పనికి అన్నీ ఒకటి కావు.

ముందు మార్కరు సంగతి. పేరులో పర్మనెంట్ అని ఉన్నా గుడ్డకి అది నమ్మకస్తురాలు కాదు. దాని సిరా పోగు వెంట పాకి అక్షరం చుట్టూ ఈకల్లా పరుచుకుంటుంది. ఉతికేకొద్దీ నలుపు ఊదా వైపు తిరుగుతుంది. వేడికి చెరిగిపోయే జెల్ పెన్నులు ఇంకా ప్రమాదం: సుమారు 60 డిగ్రీల వేడికే రాత మాయం, అంటే ఇస్త్రీ పెట్టెతోనే సరి.

బొమ్మ నింపడానికి ఫెవిక్రిల్ లాంటి యాక్రిలిక్ ఫ్యాబ్రిక్ రంగే మేలు. రంగు పొడిని పోగుకి అంటించి పట్టే జిగురు అందులోనే ఉంటుంది. 3×4 అంగుళాల గుడ్డకి అర చెంచా రంగు కూడా పట్టదు కాబట్టి చిన్న సీసాలు చాలు. గుడ్డ మాత్రం నూటికి నూరు పాళ్ళు కాటన్ కావాలి: పాప్లిన్ లేదా లాంగ్ క్లాత్. పాలిస్టర్ కలిసిన గుడ్డ ఇస్త్రీకి కావలసినంత వేడి ఓర్చుకోదు.

కొత్త గుడ్డలో గంజి ఉంటుంది. వేడినీళ్ళలో సబ్బుతో ఉతికి ఆరబెట్టకపోతే రంగు పోగుకి కాకుండా గంజికి అంటుకుంటుంది, మొదటి ఉతుక్కే గంజితోపాటు జారిపోతుంది. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు కూడా వాడొద్దు. గుడ్డ కింద గరుకు కాగితం పెడితే జారదు. నాలుగు చుక్కల రంగుకి ఒక్క చుక్క నీళ్ళు, అంతకు మించొద్దు. నీళ్ళు ఎక్కువైతే జిగురు పలచబడి రంగు వెలిసిపోతుంది, బొమ్మ చుట్టూ తడి మరక కూడా కడుతుంది. అలాగని ముద్దగా పూసినా తప్పే. మెరుస్తూ పైన తేలి కనిపించే చోట గోటితో గీకితే ఎండిన ఫెవికాల్ పొరలా లేస్తుంది. పలచగా రెండు పూతలు వేయడమే సరైన పద్ధతి. కుట్టు పడే అంచున అరంగుళం ఖాళీ వదలండి, మందపు రంగులో సూది దిగితే పగుళ్ళు వస్తాయి.

ఒక రోజంతా నీడన ఆరాక గుడ్డ తిరగేసి, కాటన్ సెట్టింగులో, ఆవిరి లేకుండా, ఇస్త్రీ పెట్టెను కదుపుతూ మూడు నాలుగు నిమిషాలు వేడి పట్టించండి. రంగు నిలిచేది ఈ వేడితోనే. తర్వాత మూడు రోజులు తడి తగలనివ్వొద్దు. ఉప్పునీళ్ళలోనో వెనిగర్లోనో నానబెడితే రంగు గట్టిపడుతుందని చాలామంది చెబుతారు. ఈ రంగుల విషయంలో అది ఉత్త మాట. ఉప్పు అద్దకం తొట్టిలో రంగు పోగులోకి ఎక్కడానికి సాయపడుతుంది, వెనిగరు పట్టు, ఉన్ని అద్దకాలకి పనికొస్తుంది. పైన పూసిన యాక్రిలిక్‌కి రెండూ దండగే.

పేరు, తేదీ రాయడానికి కుంచె కన్నా పిగ్మెంట్ సిరా (రంగు పొడి కలిపిన సిరా) పెన్ను మంచిది. అలాంటి పిగ్మా మైక్రాన్ పెన్నును ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. 05 లేదా 08 సైజు తీసుకోండి, 01 ములికి నేతలో చిక్కుకుంటుంది. నొక్కకుండా, నిదానంగా రాయాలి. రాశాక దానికీ ఇస్త్రీ తప్పదు.

పిల్లల చేత బొమ్మ గీయించాలంటే మైనపు క్రేయాన్లు బాగుంటాయి. గీసిన గుడ్డను రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే మైనం కాగితానికి ఎక్కి, రంగు గుడ్డకి మిగులుతుంది. మైనం అంటడం ఆగేదాకా కాగితం మారుస్తూ ఉండాలి. అయినా కొన్ని ఉతుకులకే లేతబడుతుంది. దండలా గోడకి వేలాడదీసే వాటికి సరే, పసిబిడ్డ బొంతకి వద్దు.

బొంతకి కుట్టకముందే పరీక్ష చేయండి. తడిపిన తెల్లగుడ్డను బొమ్మ మీద పది నిమిషాలు అదిమి ఉంచి చూడండి. రంగు అంటితే మళ్ళీ ఇస్త్రీ చేయండి. ఇక ఉతుకు దగ్గర: బొంతను బండకేసి బాదినా, పేరుగుడ్డ మీద బ్రష్షు పెట్టి రుద్దినా ఎంత మంచి రంగయినా అరిగిపోతుంది. ఆ మూలను చేత్తో పిండి, బొంతను తిరగేసి నీడన ఆరేయండి.