ఆదివారం మూడింటికి డెబ్బైల రాక్: ‘సౌండ్స్ ఆఫ్ ది సెవెంటీస్’తో నా అనుభవం

బీబీసీ రేడియో 2లో ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు గంటల వరకు వచ్చే 1970ల పాటల కార్యక్రమం ‘సౌండ్స్ ఆఫ్ ది సెవెంటీస్’ వినేవాళ్లలో చాలామందికి ఆ పాటలంటే తమ యవ్వనమే. తొలి జీతంతో కొన్న రికార్డో, అన్నయ్య గదిలోంచి గోడ దాటి వినిపించిన గిటారో, ఏదో ఒకటి వాళ్ల మనసులో ముందే ఉంటుంది. నాకు అలాంటిది ఒక్కటీ లేదు. ఉద్యోగం కోసం ఇంగ్లండ్ వచ్చి రెడింగ్‌లో స్థిరపడ్డ తెలుగువాణ్ణి నేను. చిన్నప్పుడు మా ఇంట్లో మోగింది విజయవాడ కేంద్రమే తప్ప బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్ కాదు. అయినా ఏళ్ల తరబడి ఆదివారం భోజనాలయ్యాక వంటింట్లో ఆ రేడియో పెట్టనిదే నాకు వారం పూర్తయినట్టు ఉండదు. పాత జ్ఞాపకాల సాయం లేకుండా వినేవాడికి ఇందులో ఏముందో చెప్పాలనే ఈ సమీక్ష.

2009 నుంచి 2024 అక్టోబరు దాకా ఈ కార్యక్రమాన్ని నడిపినవారు జానీ వాకర్. కార్యక్రమం గొప్పతనంలో సగం ఆయనదే. ఆయన 1966లో సముద్రంలో లంగరు వేసిన ఓడల మీది నుంచి ప్రసారం చేసే ‘పైరేట్’ స్టేషన్లలో పని మొదలుపెట్టారు. ఆయన పనిచేసిన రేడియో కరోలైన్ ఓడ ఎసెక్స్ తీరంలో ఫ్రింటన్ ఊరికి ఎదురుగా ఉండేది. రాత్రి పూట ఆయన మైకులో ప్రశ్న వేస్తే, తీరాన కార్లు ఆపుకుని వింటున్న వాళ్లు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పి జవాబు చెప్పేవారట. ఫోను లేదు, ఉత్తరం లేదు, చీకటి సముద్రం మీది నుంచి ఒక మాట, ఒడ్డు నుంచి ఒక వెలుగు! శ్రోతతో మాట్లాడటం అంటే ఏమిటో అక్కడ నేర్చుకున్న మనిషి ఆయన. 1967 ఆగస్టు 14 అర్ధరాత్రి ఆ స్టేషన్లలో పనిచేయడాన్నే నేరంగా మార్చే చట్టం అమల్లోకి వచ్చినప్పుడు కూడా, తోటి వ్యాఖ్యాత రాబీ డేల్‌తో కలిసి ఆయన ప్రసారం ఆపలేదు.

ఈ పైరేట్ స్టేషన్ల కథ తెలుసుకున్నప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది రేడియో సిలోన్. ఆ రోజుల్లో బీబీసీ రోజుకు కొన్ని గంటలకు మించి రికార్డులు వేయకూడదని సంగీతకారుల సంఘంతో, రికార్డు కంపెనీలతో ఒప్పందం ఉండేది. కుర్రకారుకు కావలసిన పాటలు సముద్రం మీది నుంచి వచ్చాయి. మన దగ్గర 1952లో కేస్కర్ సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యాక ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మూగబోయింది. మన పెద్దవాళ్లు కొలంబో వైపు ముల్లు తిప్పారు. రేడియో సిలోన్ తెలుగు వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం చెవి రిక్కించిన తరం అది. చివరికి ఇక్కడ ఇంగ్లండ్‌లో 1967 సెప్టెంబరులో కుర్రకారు పాటల కోసం బీబీసీ రేడియో 1 పుట్టింది, అక్కడ 1957 అక్టోబరులోనే వివిధ భారతి వచ్చేసింది. జనం అడిగేది ఇవ్వకపోతే జనం వేరే కేంద్రానికి వెళ్లిపోతారని రెండు దేశాలూ ఒకే రకంగా తెలుసుకున్నాయి. ఈ పోలిక దొరికాక జానీ వాకర్ నాకు పరాయి దేశపు మనిషిగా అనిపించలేదు.

ఇక పాటల ఎంపిక. డెబ్బైల రాక్ అనగానే అందరికీ తెలిసిన పదిహేను పాటలే మళ్లీ మళ్లీ వేసే స్టేషన్లు చాలా ఉన్నాయి. ఇక్కడ అవీ వస్తాయి కానీ వాటి మధ్య ఎల్పీ (ఆల్బం రికార్డు) రెండో వైపు మూడో పాట లాంటివి కూడా వస్తాయి. ఆ దశాబ్దానికి అది చాలా అవసరం. లెడ్ జెప్పెలిన్ బృందం ఆ పదేళ్లలో బ్రిటన్‌లో సింగిల్ రికార్డులు (ఒక్కో పాటతో వచ్చే చిన్న రికార్డులు) దాదాపు విడుదల చేయలేదు. సింగిల్స్ అమ్మకాల చార్టుల ఆధారంగా నడిచే పగటి రేడియోలో అలాంటివారికి చోటెక్కడ? ఎనిమిది నిమిషాల పాట ఆ 45 ఆర్‌పీఎం సింగిల్ రికార్డు కొలతల్లో తేలిగ్గా ఇమడదు. అందుకే 1970ల మొదట్లో రేడియో 1 సాయంత్రం, రాత్రి వేళల్లో ఆల్బం పాటల కోసం ఇదే పేరుతో వేరే కార్యక్రమం నడిపింది. అప్పట్లో రేడియో 1కు సొంత ఎఫ్‌ఎం లేదు, మీడియం వేవ్ 247 మీటర్లే గతి. కాబట్టి ఆ కార్యక్రమాన్ని స్టీరియోలో వినిపించడానికి రేడియో 2 ఎఫ్‌ఎంను అరువు తీసుకునేవారు. ఇప్పుడు అదే పేరు, అదే రేడియో 2.

పొడవాటి పాటకు జానీ ఇచ్చిన మర్యాద నాకు బాగా నచ్చేది. చాలాసార్లు చివరి గిటారు సన్నబడి, సన్నబడి, పూర్తిగా ఆగేదాకా ఆయన నోరు విప్పేవారు కారు. ఆ తర్వాత ఒక్క క్షణం ఖాళీ. అప్పుడు పాట పేరు, బృందం పేరు, సంవత్సరం. రేడియోలో ఒక్క క్షణం నిశ్శబ్దం అంటే కొత్త వ్యాఖ్యాతలు కంగారు పడతారు. పాట ఇంకా మన లోపల నడుస్తోందని ఆయనకు తెలుసు. మధ్యలో వాణిజ్య ప్రకటనలు లేకపోవడం మరో సుఖం. రెండు గంటల్లో ఒక పాట పక్కన ఇంకో పాట ఎందుకు పెట్టారో వినేకొద్దీ తెలుస్తుంది.

నాలాంటివాడికి అసలు పాఠం మాత్రం శ్రోతల ఉత్తరాల్లో దొరికింది. 1974 జనవరి నుంచి మార్చి దాకా బొగ్గు కొరతతో ఈ దేశంలో వారానికి మూడు రోజులే కర్మాగారాలు నడిచాయి, ఆ చలికాలం కొన్ని వారాలు టీవీ రాత్రి పదిన్నరకే కట్టేశారు. చరిత్ర పుస్తకంలో అది రెండు వాక్యాలు. కొవ్వొత్తి వెలుగులో బ్యాటరీ ట్రాన్సిస్టరు పెట్టుకుని అక్కాచెల్లెళ్లు ఒకే దుప్పటి కింద విన్న పాట ఇదీ అని ఒకావిడ రాస్తే, ఆ తర్వాత అదే పాట మోగితే, ఆ చలికాలం నాకూ కాస్త తెలిసినట్టే అయింది. మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సహోద్యోగులతో నాకు మాట కలిసింది కూడా ఈ ఉత్తరాల పుణ్యమే. సోమవారం టీ దగ్గర “నిన్న విన్నారా?” అని మొదలుపెడితే చాలు, వాళ్ల ఊరి హాల్లో వచ్చిన బృందాల చిట్టా మొత్తం బయటికి వచ్చేది.

లోటు లేదా అంటే ఉంది. జ్ఞాపకాలతో నడిచే కార్యక్రమం ఆ దశాబ్దాన్ని కొంచెం ఎండగా, కొంచెం తీయగా చూపిస్తుంది. అదే దశాబ్దంలో, 1976 ఆగస్టులో, బర్మింగ్‌హామ్ వేదిక మీద ఇంగ్లిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వలస వచ్చినవాళ్లను వెళ్లగొట్టాలంటూ మాట్లాడారు. ఆ మాటలకు ఆయన చాలా ఏళ్ల తర్వాత క్షమాపణ చెప్పారు. ఆ ప్రసంగానికి జవాబుగా పుట్టిందే ‘రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం’ అనే జాతివివక్ష వ్యతిరేక సంగీత ఉద్యమం. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో దాని తరఫున ది క్లాష్, స్టీల్ పల్స్ బృందాలు ఒకే వేదిక మీద వాయించారు. ఇక్కడ మా వాళ్ల పిల్లలు బడికి తలెత్తుకుని వెళ్లగలగడంలో ఆ పాటలకూ భాగం ఉందని నా నమ్మకం. నేను విన్నంతలో ఈ వైపుకు దొరికిన సమయం తక్కువ. క్లాప్టన్ గిటారు నాకు ఇప్పటికీ ఇష్టమే. అందుకే ఆ మాట కూడా పక్కనే వినిపించాలని గట్టిగా కోరుకుంటాను.

చివరి ఏడాది వినడం కష్టంగా ఉండేది, వినకుండా ఉండటం ఇంకా కష్టం. ఊపిరితిత్తులు క్రమంగా మచ్చలు కట్టి గట్టిపడే పల్మనరీ ఫైబ్రోసిస్ జానీని పట్టుకుంది. ఇంటి నుంచే కార్యక్రమం చేసేవారు. వాక్యం మధ్యలో ఊపిరి అందక ఆగడం మాకు స్పష్టంగా వినిపించేది. దాన్ని ఆయన దాచలేదు, సానుభూతి కోసం వాడుకోనూ లేదు. 2024 అక్టోబరు 27న చివరి కార్యక్రమం. ఆఖరి పాటగా జూడీ కాలిన్స్ పాడిన ‘అమేజింగ్ గ్రేస్’ వేశారు. అదే ఏడాది డిసెంబరు 31న 79 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 58 ఏళ్లు మైకు ముందు గడిపిన మనిషి. మా ఇంట్లో ఆ వార్త విన్నాక నేను అమ్మకు ఫోను చేసి ఈ మనిషి గురించి చాలాసేపు చెప్పాను.

2024 నవంబరు నుంచి ఆ కుర్చీలోకి బాబ్ హారిస్ వచ్చారు. 1970లలో బీబీసీ టీవీలో ‘ది ఓల్డ్ గ్రే విజిల్ టెస్ట్’ నడిపి, మెత్తటి గొంతు వల్ల ‘గుసగుసల బాబ్’ అనిపించుకున్నవారు. పాత రేడియో 1 ‘సౌండ్స్ ఆఫ్ ది సెవెంటీస్’లోనూ ఆయన పనిచేశారు కాబట్టి ఇంతకంటే తగిన మనిషి లేరు. జానీలోని ఆ తిరుగుబాటు ధోరణి ఈయన దగ్గర ఉండదు. బదులుగా అమెరికా జానపదం, కంట్రీ వైపు మొగ్గే పాటలు, వాటిని రాసినవాళ్ల సంగతులు ఎక్కువ. మొదట్లో నాకు పొసగలేదు. ఇప్పుడు ఆయన పరిచయం చేసిన పేర్లు నా నోటు పుస్తకంలో పేజీలు నింపుతున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క సలహా. ఫోనులో తర్వాత విందాంలే అని వాయిదా వేయకుండా వీలైతే ప్రసార సమయానికే పెట్టండి, ఎందుకంటే బీబీసీ ఆర్కైవులో ఒక్కో వారం కార్యక్రమం ముప్పై రోజులే ఉంటుంది. చేతి దగ్గర కాగితం, పెన్ను ఉంచుకోండి. పాట నచ్చితే పేరుతో పాటు ఆల్బం పేరు కూడా రాసుకుని, ఆ రాత్రి ఆ ఆల్బం మొత్తం వినండి.