ఆడ్రీ హెప్‌బర్న్ ప్రభావంలో ఏది మిన్న: నల్ల గౌనా, యూనిసెఫ్ సేవా?

హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ 1993 జనవరి 20న స్విట్జర్లాండ్‌లోని ఒక చిన్న ఊరిలో కన్నుమూసింది. మూడు దశాబ్దాలు దాటినా ఆ ముఖం ప్రపంచానికి పాతబడలేదు. ఆమె నటించిన సినిమా ఒక్కటీ చూడనివారి ఇళ్లలోనూ గోడల మీద, చేతిసంచుల మీద, కాఫీ కప్పుల మీద ఆ నల్ల గౌను, ముత్యాల హారం, పైకెత్తి కట్టిన జుట్టు కనబడుతూనే ఉన్నాయి. అదే మనిషి జీవితంలోని చివరి అయిదేళ్లలో ఐక్యరాజ్యసమితి బాలల సంస్థ యూనిసెఫ్ తరఫున ఇథియోపియా, సూడాన్, బంగ్లాదేశ్, సోమాలియాలకు వెళ్లి, ఆకలితో ఉన్న పిల్లల పక్కన కూర్చుని, వారి సంగతి లోకానికి చెప్పింది. ఈ రెండు ప్రభావాలలో ఏది మిన్న అని తూచి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను: వ్యాప్తిలో గౌనుదే పైచేయి, విలువలో మాత్రం సేవదే. అయితే ఈ రెండింటి వేళ్లూ ఒకే చోట కలుస్తాయి కనుక తీర్పు అంత తేలికగా తెగదు.

ముందుగా గౌను సంగతి. 1953 వేసవిలో 'సబ్రీనా' చిత్రానికి దుస్తులు ఎంచుకోవడానికి ఆమె పారిస్‌లో దుస్తుల రూపకర్త ఉబేర్ ద జివాంషీ దుకాణానికి వెళ్లింది. మిస్ హెప్‌బర్న్ వస్తున్నారని కబురందగానే, అప్పటికే పేరుమోసిన నటి క్యాథరిన్ హెప్‌బర్న్ కాబోలు అనుకున్న ఆ ఇరవయ్యారేళ్ల యువకుడి ముందు, అతనికి అంతగా పరిచయం లేని ఒక సన్నని అమ్మాయి నిలబడింది. కొత్తగా కుట్టి ఇవ్వడానికి తీరిక లేదని అతను చెబితే, అప్పటికే తయారై ఉన్నవాటిలోంచే ఆమె తనకు కావలసినవి ఏరుకుంది. ఆ చిత్రానికి దుస్తుల విభాగంలో ఆస్కార్ హాలీవుడ్ దుస్తుల రూపకర్త ఈడిత్ హెడ్‌కు దక్కింది. జివాంషీ పేరు తెర మీద కనబడనే లేదు. ఇది అన్యాయమేనని నేననుకుంటాను. అయినా అక్కడ మొదలైన స్నేహం ఆమె పోయేదాకా నలభై ఏళ్లు నిలిచింది.

ఆ వేషధారణ అంతగా పాకడానికి కారణం దాని నిరాడంబరత. నిండైన ఒంపుసొంపులనే అందంగా హాలీవుడ్ చూపిస్తున్న రోజుల్లో ఆమె పొట్టి జుట్టుతో, మడమ ఎత్తు లేని చెప్పులతో, బిగుతైన నల్ల ప్యాంటుతో, భుజం నుంచి భుజానికి తిన్నగా సాగే మెడ ఉన్న గౌనుతో కనిపించింది. వీటిలో ఏదీ మామూలు అమ్మాయికి అందనిది కాదు. మంచి దర్జీ, ఒక కత్తెర, కొద్దిపాటి నల్లబట్ట ఉంటే చాలు. 1954లో 'రోమన్ హాలిడే' జపాన్‌లో విడుదలైనప్పుడు అక్కడి యువతులు ఆమెలాగే జుట్టు కత్తిరించుకున్నారు. ఆ సినిమాలో అబద్ధమాడేవారి చేతిని కొరికేస్తుందని చెప్పే రాతి ముఖం రోమ్ నగరంలో ఒక చర్చి వసారాలో ఉంది. సహనటుడు గ్రెగరీ పెక్ తన చేతిని అందులో పెట్టి, తీసేటప్పుడు అరచేతిని చొక్కా చేతిలోకి దాచేసి, తెగిపోయినట్టు చూపిస్తాడు. ఆ సంగతి ఆమెకు ముందుగా చెప్పలేదు కనుక తెర మీద మనం చూసే కేక నిజమైన కేక. ఈనాటికీ పర్యాటకులు వరుసలో నిలబడి ఆ రాతినోట్లో చేయి పెట్టి ఫోటోలు దిగుతున్నారంటే, ఒక నటి క్షణకాలపు ఉలికిపాటు ఒక ఊరి పర్యాటకంలో భాగమైపోయిందన్నమాట.

ఇక 1961లో వచ్చిన 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్' మొదటి దృశ్యం. తెల్లవారుజామున న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూ దాదాపు నిర్మానుష్యంగా ఉంటుంది. ఒక పసుపుపచ్చ టాక్సీ వచ్చి ఆగుతుంది. రాత్రి విందుకు వేసుకున్న పొడవాటి నల్ల గౌనులోనే దిగిన ఆమె, నగల దుకాణం అద్దాల ముందు నిలబడి, కాగితపు సంచిలోంచి రొట్టె తీసి కొరుకుతూ కాఫీ తాగుతుంది. మాటలు లేవు. ఐశ్వర్యం అద్దానికి అవతల, ఒంటరితనం ఇవతల. ఆ గౌను అంతటి పేరు తెచ్చుకున్నది కుట్టు వల్ల మాత్రమే కాదు, ఆ నిలబడడం వల్ల కూడా. అయితే కాలం ఆ దృశ్యంలోని ఒంటరితనాన్ని వదిలేసి గౌనును మాత్రమే ఉంచుకుంది. అదే సినిమాలో మిక్కీ రూనీ వేసిన జపాను మనిషి వేషం ఒక జాతిని వెక్కిరించే వికారపు పాత్ర అన్న సంగతి కూడా పోస్టర్లలో కనబడదు. బొమ్మ సినిమా నుంచి విడిపోయింది. విడిపోయాక అది ఎవరి చేతికైనా చిక్కుతుంది. 2006లో ఒక అమెరికన్ దుస్తుల సంస్థ 'ఫన్నీ ఫేస్' సినిమాలో ఆమె చేసిన నృత్యాన్ని తీసుకుని ప్యాంట్లు అమ్ముకుంది. 2013లో బ్రిటన్‌లో ఒక చాక్లెట్ ప్రకటన కోసం చనిపోయిన ఆమె ముఖాన్ని కంప్యూటర్‌తో మళ్లీ సృష్టించారు. కుమారులు అనుమతించే ఉండవచ్చు గాని, ఆ ప్రకటనలో కనిపించేది ఆమె ఎంపిక కాదు. మొదటి రకం ప్రభావంలో నాకు కనబడే పెద్ద లోపం ఇదే.

దీనికన్నా లోతైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. లోకం అనుకరించిన ఆ సన్నదనం ఎక్కడి నుంచి వచ్చింది? 1929లో బ్రస్సెల్స్‌లో పుట్టిన ఆడ్రీ రెండో ప్రపంచ యుద్ధకాలం దాదాపు అంతా తల్లితో పాటు హాలండ్‌లో, ఆర్నెమ్ పరిసరాల్లో గడిపింది. 1942లో ఆమె పెదతల్లి భర్తను జర్మన్లు కాల్చి చంపారు. 1944 సెప్టెంబర్‌లో డచ్చి రైల్వే కార్మికులు సమ్మె చేసినందుకు జర్మన్ సైన్యం ఆహార రవాణాను అడ్డుకోవడంతో, ఆ చలికాలంలో వేలాది మంది ఆకలితో చనిపోయారు. జనం ట్యులిప్ దుంపలను పిండి చేసుకుని తిన్నారు. అప్పుడామెకు పదిహేనేళ్లు. యుద్ధం ముగిసేసరికి రక్తహీనత, కామెర్లు, ఒళ్లు వాపు ఆమెను పట్టి ఉన్నాయి. తరువాత లండన్‌లో బ్యాలే నేర్పిన మేరీ రాంబేర్, ఈ ఎత్తుతో, యుద్ధంలో తిండి లేక బలహీనపడిన ఈ శరీరంతో నువ్వు అగ్రశ్రేణి నర్తకివి కాలేవని తేల్చి చెప్పింది. ఆ తలుపు మూసుకున్నందువల్లే ఆమె నటన వైపు వచ్చింది. అంటే ఒక తరం అమ్మాయిలు కడుపు మాడ్చుకుని సాధించాలనుకున్న ఆకృతి వెనుక ఒక యుద్ధపు ఆకలి కూడా ఉంది. ఆ సంగతి చెప్పకుండా ఆ నడుమును మాత్రమే మెచ్చుకోవడం నాకు మనస్కరించదు.

విముక్తి తరువాత సహాయ సంస్థల వాహనాల్లో వచ్చిన తిండి, మందులు ఆమెను బతికించాయి. నలభై ఏళ్ల తరువాత, 1988 మార్చిలో యూనిసెఫ్ పని మీద ఇథియోపియాలోని మెకెలెలో అనాథాశ్రమానికి వెళ్లినప్పుడు ఆమెకు పిల్లల కళ్లలోని నీరసం పుస్తకంలో చదివి తెలిసినది కాదు. అదే ఏడాది టర్కీలో టీకాల కార్యక్రమానికి, 1989లో సూడాన్‌కు, బంగ్లాదేశ్‌కు, 1990లో వియత్నాంకు వెళ్లింది. ప్రతి ప్రయాణం తరువాత విలేఖరులతో మాట్లాడేది. అమెరికా కాంగ్రెస్ సంఘం ముందు కూడా పిల్లల ఆకలి గురించి వివరించింది. మన దేశంలో పుట్టి ఐక్యరాజ్యసమితి ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన జాన్ ఐజాక్ చెప్పిన ఒక సంగతి నాకు అన్నింటికన్నా గట్టి సాక్ష్యంగా కనబడుతుంది: పిల్లల ఒంటి నిండా ఈగలు ముసిరి ఉన్నా, ఆమె ఏ జంకూ లేకుండా వెళ్లి వారిని హత్తుకునేదట. 1992 సెప్టెంబర్‌లో సోమాలియా వెళ్లి వచ్చింది. కొద్ది వారాలకే క్యాన్సర్ బయటపడింది.

సేవకు సంబంధించి వినిపించే ఆక్షేపణలను కూడా తోసిపుచ్చలేం. ఈ బాటలో ఆమె మొదటి వ్యక్తి కాదు. హాస్యనటుడు డానీ కే 1954లోనే యూనిసెఫ్ రాయబారి అయ్యాడు. తారలు కెమెరాల మధ్య కరువు ప్రాంతాలకు వెళ్లి రావడం వల్ల కరువుకు కారణమైన యుద్ధాలు ఆగవన్నదీ నిజమే. ఒక ప్రసంగం వల్ల ఎందరు పిల్లలు బతికారో లెక్క తీయలేం. కాని తరువాతి తారలకు ఒక పద్ధతిని చూపించిన ఘనత ఆమెదే అంటాను. పేరు ఇచ్చి ఊరుకోకుండా స్వయంగా వెళ్లడం, వివరాలు నేర్చుకుని మాట్లాడడం, తన గురించి అడిగితే మాట పిల్లల మీదికి మళ్లించడం ఆ పద్ధతి. ఆ తరువాత ఏంజెలీనా జోలీ శరణార్థుల కోసం, మన ప్రియాంకా చోప్రా యూనిసెఫ్ కోసం పనిచేసినప్పుడు లోకం వారిని తూచిన కొలమానంలో ఆడ్రీ పేరు ఉంటూనే వచ్చింది.

ఆమె నటన సంగతి ఈ తూకంలో ఎక్కడ నిలుస్తుందని అడగవచ్చు. మంచి నటే, 'ద నన్స్ స్టోరీ'లో ముఖంతోనే ఒక సన్యాసిని అంతస్సంఘర్షణను చూపిన తీరు గొప్పది. కాని ఆమెకన్నా విస్తృతమైన నటులు ఆ కాలంలో ఉన్నారు. ఆమె ప్రత్యేకత అక్కడ లేదు.

రెండు ప్రభావాలూ ఒకే చోట కలిసిన సందర్భం మన దేశానికి సంబంధించినదే. 'బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్' కోసం తయారుచేసిన నల్ల గౌన్లలో ఒకదాన్ని జివాంషీ, కలకత్తా పేదల జీవితాన్ని పుస్తకంగా రాసిన ఫ్రెంచి రచయిత డొమినిక్ లాపియర్‌కు ఇచ్చాడు. 2006 డిసెంబర్‌లో లండన్‌లో క్రిస్టీస్ సంస్థ దాన్ని వేలం వేస్తే 4,67,200 పౌండ్లు పలికింది. ఆ సొమ్ము మన దేశపు నిరుపేదల కోసం లాపియర్ నడిపిన సేవాసంస్థకు చేరింది. గౌనుకు ఆ ఖ్యాతి లేకపోతే ఆ ధర పలికేది కాదు. యూనిసెఫ్ కెమెరాలు ఆమె వెంట వెళ్లడానికి కూడా ఆ ఖ్యాతే కారణం. కనుక గౌను ప్రభావాన్ని నేను తక్కువ చేయను. దుస్తుల రూపకల్పన నేర్చుకునేవారికి, సినిమా ఒక కాలపు అభిరుచిని ఎలా మలుస్తుందో పరిశీలించేవారికి అదే ముఖ్యం. కాని ఆ రూపంలో యుద్ధం పాలు ఉంది, జివాంషీ పాలు ఉంది, దర్శకుల పాలు, ఇప్పుడు వ్యాపారుల పాలు కూడా ఉంది. తిరిగి ఆకలి ముఖం చూడనవసరం లేని సుఖమైన ఇల్లు, తోట వదిలి మెకెలెకు విమానం ఎక్కాలన్న నిర్ణయం మాత్రం ఆడ్రీ ఒక్కతే తీసుకున్నది. నేను సేవ వైపు మొగ్గడానికి కారణం అదే.