8 ఏళ్లు, 3,12,000 కిలోమీటర్లు: నా పికప్ మీద పెట్టిన ప్రతి రూపాయి లెక్క

2017 ఆగస్టులో కొన్నాను. బీఎస్4 (పొగ కాలుష్యానికి పెట్టిన పాత ప్రమాణం) డీజిల్ బండి, ఆర్సీ ప్రకారం మోయాల్సింది 1,500 కిలోలు. మదనపల్లె చుట్టుపక్కల తోటల నుంచి మార్కెట్ యార్డుకు, యార్డు నుంచి చెన్నైకి, బెంగళూరుకు టమాటా తోలుతాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పేవి ఈ సైజు పికప్‌లన్నిటిలోనూ చూశాను, మా స్టాండులో అన్ని కంపెనీల బండ్లూ ఉన్నాయి.

కొన్న రోజు నుంచి డీజిల్ తప్ప మిగతా ఖర్చంతా ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఇప్పటికి మొత్తం 4,80,000. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర కంటే కాస్త ఎక్కువ. ఇందులో టైర్లకు 1,30,000, ఆయిల్ సర్వీసులకు 1,24,000 పోయాయి. ఈ రెండూ ఎవరికైనా తప్పవు. మిగిలిన రెండు లక్షల పైచిలుకులో సగం నా తప్పే అని నోట్‌బుక్ చూస్తే తెలుస్తోంది.

మొదటి తప్పు లోడు. 25 కిలోల క్రేట్లు 60 పెడితే 1,500 కిలోలు. కొత్తలో నేను 90 పెట్టేవాణ్ణి. అందరూ పెడుతున్నారు, బండి కూడా లాగుతోంది, ఇంకేం అనుకున్నాను. 41,000 కిలోమీటర్ల దగ్గర వెనక కమాన్ కట్టల్లో (బరువు మోసే ప్లేటు స్ప్రింగుల్లో) మొదటి ప్లేటు విరిగింది. అది ఒక్కసారిగా విరగలేదు. మేస్త్రీ విప్పి చూపించాడు: విరిగిన చోట సగం వరకు తుప్పు పట్టిన ఎర్రటి గీత, మిగతా సగం తెల్లగా మెరుస్తోంది. ఎర్రగా ఉన్నంత మేర ఎప్పుడో చిట్లింది, తెల్లగా ఉన్నది ఆ రోజు పోయింది. అప్పటి నుంచి వారానికోసారి టార్చి వేసి కట్టలు చూసుకోవడం అలవాటైంది. అయినా లోడు తగ్గించలేదు. మొదటి మూడేళ్లలో కట్టలకే 38,000 పెట్టాను. క్లచ్ 58,000 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 1,15,000 దగ్గర ఇంకోసారి మార్చాను. సెట్టు, కూలీ కలిపి ఒక్కోసారి 11,000.

2020లో 60 క్రేట్లు దాటకూడదని గట్టిగా అనుకున్నాను. ఆ తర్వాత ఈ ఐదేళ్లలో కట్టలకు అయింది 8,000 మాత్రమే. మూడో క్లచ్ 2,24,000 కిలోమీటర్ల దాకా రాలేదు. ఇప్పటికీ అదే నడుస్తోంది. కిరాయి తగ్గింది నిజమే. ఆ నష్టమంతా రిపేర్లలో మిగిలిందని చెప్పను. కానీ అంతకుముందు ఏడాదికి పాతిక రోజులు షెడ్డులో నిలబడే బండి ఇప్పుడు ఐదారు రోజులకు మించి ఆగడం లేదు. వ్యాపారికి కావాల్సింది కూడా అదే. ఫోన్ చేస్తే బండి వస్తుందన్న నమ్మకం ఉంటే సీజనంతా పని ఇస్తాడు. పైగా 2019 సవరణ తర్వాత చట్టంలో ఓవర్‌లోడు జరిమానా 20,000 నుంచి మొదలవుతుంది. రాత్రిపూట చెక్‌పోస్టు దగ్గర పడే ఆ టెన్షన్ పోయింది.

రెండో తప్పు ఇంకా చిన్నది, దానికి పెట్టిన ఖర్చు మాత్రం తడిసి మోపెడైంది. 2023 జూలైలో మదనపల్లె యార్డులో కిలో టమాటా దాదాపు 200 పలికిన రోజులు. బండిలో ఉన్న సరుకే మూడు లక్షలు. పలమనేరు దాటి మొగిలి ఘాట్ ఇంకా రాకముందే బండి లాగడం తగ్గి, వణికి, ఆగిపోయింది. అర్ధరాత్రి దాటాక వేరే బండి పిలిపించి క్రేట్లు మార్చుకున్నాం. దానికే 7,000 అయింది.

మర్నాడు షెడ్డులో మేస్త్రీ డీజిల్ ఫిల్టర్ కింద మర వదులు చేసి, కారింది నీళ్ల బాటిల్లో పట్టి బోనెట్ మీద పెట్టాడు. కాసేపటికి అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు తేరాయి, పైన డీజిల్, మధ్యలో నల్లటి జిగట పొర. "అన్నా, మీటర్‌లో పసుపు లైటు వెలగలేదా?" అని అడిగాడు. వెలిగింది. పది రోజులుగా వెలుగుతూనే ఉంది. సీజన్ అయ్యాక చూద్దాంలే అని తిప్పుతున్నాను. ఈ కామన్ రైల్ (డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో చిమ్మే) ఇంజిన్లలో పంపుకూ ఇంజెక్టర్లకూ డీజిలే గ్రీజు లాంటిది. వేరే ఆయిల్ ఉండదు. అందులో నీళ్లు కలిస్తే లోపలి భాగాలు ఒకదాన్నొకటి గీరుకుంటాయి. నాలుగు ఇంజెక్టర్లు రీకండిషన్ చేయించడానికి 36,000, పంపుకు 18,000, ట్యాంకు కడగడం, ఫిల్టర్, కూలీ కలిపి ఇంకో 10,000. మంచి సీజన్లో ఆరు రోజులు బండి కదల్లేదు. ఆ మర వదులు చేసి నీళ్లు వదలడానికి ఐదు నిమిషాలు పట్టదు, పైసా ఖర్చు లేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం నేనే చేస్తాను. మా తమ్ముడికి కూడా నేర్పించాను.

బ్రేకుల గురించి ఒక మాట. మొగిలి ఘాట్ దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేసే వాళ్లను చూస్తే నాకు భయం. లోడుతో మూడో గేరులో దిగితే ఇంజినే పట్టి ఉంచుతుంది, డ్రమ్ములు కాలవు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకే రెండేళ్లకోసారి తప్పకుండా మార్పిస్తాను. వీల్ బేరింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, బ్యాటరీలు వంటివి మామూలు అరుగుదలే, వాటితో ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. డాలా (సరుకు పెట్టే తొట్టి) అడుగు మాత్రం టమాటా రసానికి తుప్పు పట్టింది, రెండుసార్లు రేకు వేయించాను.

కొత్తగా కొనేవాళ్లు బీఎస్6 గురించి అడుగుతున్నారు. మా బావమరిది 2021లో తీసుకున్నాడు. అతను తిరిగేదంతా ఊళ్లోనే, ఐదు పది కిలోమీటర్ల ట్రిప్పులు. సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టర్‌లో పట్టిన మసి కాలాలంటే బండి కాసేపు వేగంగా, వేడిగా నడవాలి. అది లేక రెండుసార్లు లైటు వెలిగి బండి లాగడం మానేసింది. ఇప్పుడు వారానికోసారి హైవే మీద అరగంట తోలుతున్నాడు, మళ్లీ రాలేదు. మీ పని అంతా ఊళ్లోనే అయితే కొనేముందు ఇది ఆలోచించుకోండి.

నా బండికి 8 ఏళ్లు దాటాయి కాబట్టి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఇక ప్రతి ఏడాదీ చేయించాలి. ఇంజిన్ హెడ్ ఇంతవరకు విప్పలేదు. ఆయిల్ కూడా సర్వీసుకూ సర్వీసుకూ మధ్య తగ్గడం లేదు. పాతది ఇచ్చేసి కొత్త బండి తీసుకోమని షోరూము వాళ్లు ఫోన్ చేస్తున్నారు, నేను మాత్రం వచ్చే నెల నాలుగు టైర్లూ కొత్తవి వేయించి ఇంకో మూడేళ్లు తిప్పాలనుకుంటున్నాను.