ముధోల్ హౌండ్ ఉన్నవాళ్లు ఈ డాగ్ ట్రైనర్‌గారినే పిలవండి

మా కుక్క వాయుకి ఏడాదిన్నర, ముధోల్ హౌండ్ అనే వేటకుక్క జాతి. మా బావ కర్ణాటకలో బాగల్‌కోట్‌లో పనిచేసేటప్పుడు ముధోల్ పక్క పల్లెలో ఒక రైతు దగ్గర తీసుకుని తెచ్చిచ్చాడు. ఇక్కడ వైజాగ్‌లో ఎక్కువ ల్యాబ్‌లూ (ల్యాబ్రడార్లు) పగ్‌లే కదా, వీడి పక్కటెముకలు చూసి తిండి పెట్టట్లేదేటండి అని అడుగుతారు, జాతే అంత అని చెప్పి చెప్పి అలిసిపోయాం.

ముందు ఒక ట్రైనర్ని పెట్టుకున్నాం, పేరు వద్దులెండి. కర్ర పట్టుకుని పది రోజులు సిట్, స్టే అని తిప్పి, ఇది మొండి జాతి సార్, ల్యాబ్ అయితే ఈపాటికి నేర్చేసుకునేది అన్నాడు. ఆ నెలలోనే పొద్దున్నే జోడుగుళ్లపాలెం బీచ్‌లో చైన్ విప్పాను, ఎక్కడో దూరంగా మేకపిల్ల కదిలింది అంతే, ఎంత అరిచినా వినపడితేగా, బీచ్ రోడ్డు దాటేసి పోయాడు. బస్సులు తిరిగే రోడ్డు అది. అరగంటకి దొరికాడు గానీ ఆ అరగంట నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

తర్వాత దొరికారు మధురవాడ నుంచి ఇంటికొచ్చే ఈ ట్రైనర్ గారు. మొదటి రోజు వరండాలో కింద కూర్చుని చెయ్యి కూడా చాపలేదు, ముప్పావుగంటకి వాడే వచ్చి వాసన చూశాడు. ముధోల్‌కి కొత్తవాళ్లు ముట్టుకుంటే పడదు బాబూ, తప్పుకుంటుంది, దాన్ని పొగరు అనుకోకండి అన్నారు. ఇంకో మాట నాకు బాగా పట్టేసింది. ల్యాబ్ అనేది కొట్టిన పిట్టని తెచ్చిచ్చే కుక్క, అందుకే మన మొహం చూసి పని చేస్తుంది, ముధోల్ అలగ కాదు, దక్కన్ మెట్టభూముల్లో చెవులపిల్లి కనపడితే మనిషిని వెనక వదిలేసి తనే తరిమి పట్టాల్సిన కుక్క, ముక్కుతో కాదు కంటితో వేట, వెనక్కి చూసే కుక్కకి చెవులపిల్లి దొరకదు కదా అన్నారు. ముధోల్ రాజా మాలోజీరావు ఘోర్పడే ఐదో జార్జి చక్రవర్తికి కానుకగా పంపిన జాతి అట ఇది, 2005లో తపాలా బిళ్ల మీద కూడా వేశారు, 2016లో ఆర్మీ వాళ్లు మీరట్ తీసుకెళ్లి ట్రైనింగ్ ఇచ్చారు, అలాంటిది నేర్చుకోదని ఎలగ అంటారో.

పద్ధతి ఏటంటే, పరుగు మొదలయ్యాక పిలిచి లాభం లేదు. దూరంగా ఏదో కనపడగానే మెడ లేపి బిగుసుకుపోతాడు చూడండి, ఆ ఒక్క క్షణంలో పిలవాలి. ముప్పై అడుగుల తాడు కట్టి గోడ ఉన్న గ్రౌండ్‌లో రోజూ ఇదే. తిరిగొస్తే చికెన్ ముక్క, తర్వాత తాడుకి గుడ్డ పీలిక కట్టి లాగుతూ తనివితీరా పరిగెత్తించడం. దెబ్బ అన్నది లేదు. రెండున్నర నెలలు పట్టింది, ఇప్పుడు పదిసార్లలో ఎనిమిదిసార్లు వెనక్కి తిరుగుతాడు. మిగతా ఆ రెండుసార్ల కోసమే, బీచ్‌లో మాత్రం జన్మలో చైన్ విప్పొద్దన్నారు, విప్పట్లేదు కూడా.

ఆపరేషన్ ఏదైనా ఉంటే ఇది హౌండ్ అని డాక్టర్‌గారికి ముందే చెప్పమన్నారు, ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి కొన్ని మత్తుమందులు తొందరగా దిగవంట. ఇది ట్రైనింగ్ ఫీజులో లేని మాట, అయినా చెప్పారు.

నెలకి పన్నెండు క్లాసులు, ఆరు వేలు తీసుకున్నారు. మెసేజ్‌కి సాయంత్రం దాకా రిప్లై రాదు, ఫోన్ చెయ్యడమే మంచిది. గాజువాక వైపు వాళ్లు ముందే మాట్లాడుకోండి, అంత దూరం వారానికి ఒక్కసారే వస్తానంటున్నారు.